నిల్వ ఎవరి నెత్తిన?

వరంగల్ పక్కన మడికొండ పారిశ్రామికవాడలో ఒక మిత్రుడి షెడ్డుకు ఈమధ్య వెళ్తే నేల మీద కొత్తగా పసుపు గీతలు కనిపించాయి. స్పానర్లకు, సుత్తెలకు గోడ మీద బొమ్మలు గీసి ఎక్కడివి అక్కడ తగిలించారు. చూడముచ్చటగా ఉంది. "లీన్ చేస్తున్నం అన్నా" అన్నాడు. దుబారా లేకుండా ఫ్యాక్టరీ నడిపే పద్ధతికి ఆ పేరు. వెనక గది తలుపు తీస్తే రేకుల కప్పు దాకా తయారైన సరుకు! అడిగితే చెప్పాడు: హైదరాబాద్‌లో ఆయన సరుకు కొనే పెద్ద కంపెనీ 'జస్ట్ ఇన్ టైమ్'కు, అంటే నిల్వ పెట్టుకోకుండా అవసరమైనప్పుడే తెప్పించుకునే పద్ధతికి మారింది. సాయంత్రం ఫోన్ వస్తే తెల్లారేసరికి బండి వాళ్ల గేటు ముందు ఉండాలి, లేటైతే బిల్లులో కోత. ఆ బిల్లు మాత్రం మూడు నెలలకు గానీ రాదు.

అంటే ఆ కంపెనీ గోదాము ఎక్కడా ఖాళీ కాలేదు. హైవే ఎక్కి మడికొండకు వచ్చి మిత్రుడి వెనక గదిలో కూర్చుంది. దాని మీద బ్యాంకు వడ్డీ కూడా ఆయనే కడుతున్నాడు.

చిన్న పరిశ్రమలకు లీన్ నేర్పే పథకాన్ని కేంద్రం 2023లో కొత్త రూపంలో తెచ్చింది, సలహాదారుల ఫీజులో 90 శాతం తానే భరిస్తోంది. గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు, కాజీపేటలో రైల్వే యూనిట్ అంటున్న రోజుల్లో ఈ మాట మన దగ్గర ఇంకా ఎక్కువ వినబడుతుంది. మంచిదే. కానీ మనకు అందుతున్న లీన్‌లో పసుపు గీతలున్నాయి, అసలు సరుకు లేదు.

అసలు సరుకేమిటో తెలియాలంటే మగ్గం దగ్గరికి పోవాలి. ఈ పద్ధతికి టొయోటా అనే కారు కంపెనీ పేరు వచ్చింది గానీ మూలం నేతలో ఉంది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో చేసిన ఆటోమేటిక్ మగ్గం దారం తెగితే తనంతట తానే ఆగిపోయేది. తప్పుడు బట్ట గజం కూడా ముందుకు పోదు. మనిషి మరకు కాపలా కాయనక్కర లేదు, ఒక్కరే ఎన్నో మగ్గాలు చూసుకోవచ్చు. 1933లో అదే మగ్గాల కంపెనీలో ఆయన కొడుకు కీచిరో కార్ల విభాగం పెట్టాడు. ఆ మరుసటి ఏడే మన వరంగల్లో ఆజంజాహి మిల్లు వచ్చింది. అక్కడి నేత కంపెనీ కార్లయింది, ఇక్కడి మిల్లు మూతబడి భూములైంది. (ఆ కథ ఇంకోసారి.) లీన్‌కు పితామహుడనే తైచి ఓనో సైతం 1932లో చేరింది టొయోడా వారి నూలు, నేత కంపెనీలోనే.

ఓనో మూడు మాటలు చెప్పేవాడు: ముదా, మురా, మురి. ముదా అంటే దుబారా. మురా అంటే ఎగుడుదిగుడు, ఒకరోజు వరద, ఇంకోరోజు కరువు. మురి అంటే మనిషి మీదైనా మర మీదైనా మోయలేనంత బరువు. మన సలహాదారుల స్లైడ్లలో మొదటి దానికే ఏడు రకాల పట్టిక ఉంటుంది, మిగతా రెండూ మాయం. రోగమంతా మాత్రం ఆ రెండో దాంట్లోనే ఉంది. పని ఎగుడుదిగుడుగా వస్తే బరువూ పెరుగుతుంది, దుబారా కూడా దాని వెంటే వస్తుంది. అందుకే టొయోటా తన రోజువారీ ఉత్పత్తిని ముందు సమం చేసుకుంటుంది, ఆ తర్వాతే అవసరమైనప్పుడు అవసరమైనంత పట్టుకురమ్మని సరఫరాదారుణ్ని అడుగుతుంది. నేల చదును చేయకుండా నీళ్లు సమంగా పారాలంటే ఎట్లా?

సిరిసిల్ల చూడండి. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలైంది. ఏటా కోటి దాకా చీరలు, గడువు దసరా. ఉద్దేశం గొప్పది, నేతన్నల ఆత్మహత్యల ఊరికి అది నిజంగా ఊపిరి. కానీ మొదటి ఏడాది టైము చాలక పెద్ద వాటా సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని ఆడవాళ్లు కొన్నిచోట్ల చీరలకు నిప్పు పెట్టారు కూడా. ఆ తర్వాత ఏళ్లలోనూ తీరు అదే: ఆర్డర్ వచ్చిందంటే సాంచెలు, అంటే మరమగ్గాలు, రాత్రీ పగలూ నడవాలి. అందరూ ఒకేసారి నూలు కోసం ఎగబడితే ధర ఎటు పోతుందో చెప్పాలా? పడుగు నూలు సిద్ధం చేసే వార్పిన్ దగ్గర క్యూ, ఆ నూలు చుట్టే బీముల కోసం క్యూ, గంజి పెట్టే సైజింగ్ దగ్గర క్యూ. మీటరుకు ఇంత అని కూలి కట్టిచ్చే చోట పోగు తెగిందని సాంచె ఆపే కార్మికుడు ఎవడుంటాడు? ఆపితే ఆ పూట కూలి పోతుంది. దసరా దాటాక అదే షెడ్డులో సాంచెల మీద దుమ్ము. 2024లో చీరల ఆర్డరే ఆగింది, దాంతో వీధులకు వీధులే మూగబోయాయి.

సర్కారుకు ఏడాదికి ఎన్ని చీరలు కావాలో తెలుసు. బడి పిల్లల యూనిఫాం బట్ట ఎన్ని మీటర్లో తెలుసు, హాస్టళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల బెడ్‌షీట్ల లెక్కా తెలుసు. జూన్‌కు కావలసింది యూనిఫాం, దసరాకు కావలసింది చీర. రెంటినీ కలిపి పన్నెండు నెలలకు పంచితే ప్రతి సాంచెకూ నెలనెలా ఇంత పని అని ఉంటుంది. చీరలు ముందే తయారై ఆరు నెలలు గోదాములో ఉంటాయి కదా, అది లీన్‌కు విరుద్ధం కదా అంటారేమో. కాదు. నిల్వ ఉంచితే సర్కారు ఉంచాలి, ఎందుకంటే మోయగలిగింది అదే. ఇప్పుడు ఆ నిల్వను బట్టగా ఎవరూ ఉంచట్లేదు, సాంచెల యజమాని అయిన ఆసామి అప్పుగా మోస్తున్నాడు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: కొవిడ్‌తో జస్ట్ ఇన్ టైమ్ చచ్చిపోయింది, గోదాములు నింపుకోవడమే తెలివి అని. 1997లో టొయోటాకు విడిభాగాలిచ్చే ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడి బ్రేకు వాల్వులు ఆగిపోతే టొయోటా లైన్లు రోజుల తరబడి నిలిచాయి, నిజమే. 2011 భూకంపం తర్వాత ఆ కంపెనీ చిప్‌లు నెలలకు సరిపడా నిల్వ పెట్టించిందన్నదీ నిజమే. కానీ ఐసిన్ కాలినప్పుడు ఆ వాల్వు ఎన్నడూ చేయని చిన్న సరఫరాదారులు సైతం కలిసి వారం లోపే గట్టెక్కించారు. బిల్లు తొక్కిపెట్టిన కంపెనీ కోసం ఎవడైనా రాత్రంతా లేత్ మెషీన్ తిప్పుతాడా? చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టంలోనే ఉంది. సరుకుకు గంటలు లెక్కపెట్టేవాడు పైసలకు క్యాలెండర్ మడిచి పెడితే దాన్ని లీన్ అనరు, మా దగ్గర దానికి వేరే మాట ఉంది, ఇక్కడ రాయలేను.

ఇక వడ్ల సంగతి. మా బావది హుజూరాబాద్ వైపు. కిందటి యాసంగిలో కొనుగోలు కేంద్రంలో ఆయన పక్కన నేనూ మూడు రోజులు గడిపాను. హార్వెస్టర్ కోసిన నాటి నుంచి లారీ ఎక్కే దాకా పదకొండు రోజులు పట్టింది. వడ్ల మీద నిజంగా పని జరిగింది ఎంతసేపని కాగితం మీద రాసుకున్నాను. ఎండబోయడం, తూర్పార పట్టడం కలిపి రెండు రోజులు. తేమ మిషన్ పెట్టి 17 శాతం లోపు ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు. నలభై కిలోల చొప్పున సంచులకెత్తి కాంటా పెట్టడానికి ఒక పూట. మిగతా ఎనిమిదిన్నర రోజులూ వడ్లు, బావ, ఆయన గొడుగు అక్కడ ఊరికే ఉన్నాయి.

"సంచులు వస్తే లారీ రాదు బామ్మర్దీ, లారీ వస్తే హమాలోళ్లు ఉండరు. మూడూ ఒక్కకాడ కలిసిననాడు వాన వస్తది" అన్నాడు బావ.

ఏ సలహాదారుడి స్లైడ్ కన్నా ఆ మూడు ముక్కలు నయం. పంట సీజన్‌లో ఒక్కసారే వస్తుంది, కార్ల లాగా దాన్ని సమం చేయలేమని అధికారులు అంటారు. నాట్లు ఏ వారం పడ్డాయో వ్యవసాయ శాఖ దగ్గర ఊరూరి లెక్క ఉంటుంది. నాటు తెలిస్తే కోత తెలియదా? గన్నీ సంచి ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, ఏ కేంద్రానికి ఎన్నో మూడు నెలల ముందే చెప్పొచ్చు. రోజుకు ఆ కేంద్రం ఎన్ని సంచులు కాంటా పెట్టగలదో, మిల్లు ఎన్ని లారీలు దించుకోగలదో చూసి టోకెన్ ఇస్తే, తన వంతు వచ్చేదాకా రైతు చేను కోయకుండా రెండు రోజులైనా ఆగుతాడు. టొయోటాలో సరుకు పిలవడానికి వాడే చీటీ, కాన్బాన్ కార్డు, చేసే పని ఇదే: వెనకవాడు తోస్తే కాకుండా ముందువాడు పిలిస్తే సరుకు కదలాలి. బావ చేతిలోని టోకెన్ మీద ఉండేది వరుస నంబరు ఒక్కటే, తేదీ ఉండదు.

తేదీ ఎందుకు ఉండదు? ఎందుకంటే బావ ఎనిమిదిన్నర రోజులు ఏ ఫైలులోనూ ఖర్చు కింద పడవు. గోదాములో సరుకు ఆగితే వడ్డీ లెక్క ఉంది, లారీ ఆగితే వెయిటింగ్ చార్జీ ఉంది, మనిషి ఆగితే ఏమీ లేదు. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి, వాటి మీద పాస్‌బుక్కులు పెట్టి నిలబడ్డ ఉత్తర తెలంగాణను అందరం టీవీల్లో చూశాం. రామగుండంలో యూరియా ఫ్యాక్టరీ పెట్టుకున్న ప్రాంతం ఇది. దుకాణంలో నిల్వ లేదు, రైల్వే ర్యాకు వస్తే పంచడం, రాకుంటే లేదు. పైకి చూస్తే అచ్చం జస్ట్ ఇన్ టైమే! పైరుకు ఆ ఎరువు అందాల్సిన వారం దాటిపోతే బస్తా దొరికినా గింజ రాదని ఆ చెప్పుల యజమానులకు తెలుసు. ఓనో ఏడు దుబారాల పట్టికలో ఎదురుచూపు కూడా ఉంది. మన పాలనలో పేదవాడి ఎదురుచూపు ఫ్రీ, అందుకే దాన్ని తగ్గించాలని ఎవరికీ తోచదు. పింఛను దగ్గరైనా, సర్కారు దవాఖానలో ఓపీ చీటీ దగ్గరైనా లెక్క ఇంతే. ఒక్క ఏడాది పాటు ప్రతి కొనుగోలు కేంద్రం బోర్డు మీద 'ఈరోజు కాంటా అయిన రైతు ఎన్ని రోజులు ఆగాడు' అని సుద్దతో రాయించమనండి. అధికారులకు రాత్రిళ్లు ఎంత టెన్షన్ పుడుతుందో చూద్దాం.

మొన్న ఫోన్ చేస్తే బావ జమ్మికుంటలో ఉన్నాడు. ఈసారి కిరాయికి తెచ్చేది లేదట, వడ్ల మీద కప్పడానికి రెండు టార్పాలిన్లు కొంటున్నాడు. వరి ఇంకా పొట్ట దశలోనే ఉంది.