పేరులో ఉన్న పికప్ కాలి కింద ఏదీ?

మహారాజశ్రీ యాక్సిలరేటర్ పెడల్ గారి దివ్యసముఖానికి,

తమరి సేవలో అరిగిపోతున్న కుడికాలు తరఫున, ఆ కాలి ఆసామి అనేక నమస్కారాలతో రాసుకునే అర్జీ.

నిన్న మధ్యాహ్నం తమరిని నొక్కాను. గుర్తుండకపోవచ్చు. ఆ సంగతి తమ దృష్టికి రావడానికే కాస్త టైం పట్టింది కదా. చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డు ఎక్కే మలుపు. అప్పుడే చినుకులు పడి ఆగాయి. మన పికప్ వెనక తొట్టి ఖాళీ. దూరంగా ఒక లారీ వస్తోంది, వెళ్లిపోవడానికి కావలసినంత సందు ఉంది. కావలసినంత అంటే, నొక్కగానే కదిలే బండికి.

నొక్కాను. బండి ముక్కు మాత్రం రోడ్డు మీదికి వెళ్లింది. అక్కడ ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చినదానిలా నిలబడి ఆలోచనలో పడింది. ఇంకొంచెం నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. లారీ పెద్దదవుతోంది. పక్క సీట్లో మా బావమరిది, "ఆఫ్ అయిపోయిందా బావా?" అన్నాడు. ఇక లాభం లేదని నేలకంటా తొక్కేశాను. అప్పుడు తమరికి దయ కలిగింది. మొదటి నొక్కుడూ, రెండో నొక్కుడూ, మూడో నొక్కుడూ, బకాయిలన్నీ కలిపి ఒకేసారి చెల్లించారు. ఖాళీ తొట్టి, తడి రోడ్డు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. డాష్‌బోర్డు మీద పసుపు లైటు టపటపా కొట్టుకుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ వారు రంగంలోకి దిగి, వచ్చిన కాస్త పవరూ లాగేసుకున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. రోడ్డుకు అడ్డంగా నేను. లారీ డ్రైవర్ బ్రేకు కొట్టి, హారన్ కొట్టి, ఆపైన అద్దం దించి ఒక మాట అన్నాడు. ఆ మాట న్యాయంగా తమరికి చెందాలి. నాకు ముట్టింది.

ఇదంతా ఎంతసేపు? బావమరిది ఊరంతా చెబుతున్న లెక్కలో అర నిమిషం. నా లెక్కలో మొదటి నొక్కుడుకీ కదలికకీ మధ్య ఒక సెకను, మహా అయితే ఒకటిన్నర. సెకను ఒక లెక్కా అని తమరు అనుకోవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వస్తుంది. మన బండి పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. అంటే తమరు ఆవలించి కళ్లు తెరిచేలోగా ఆ లారీ మనలాంటి బండ్లు మూడు పట్టేంత దూరం ముందుకు వచ్చేసింది. నేను చూసుకున్న సందులోంచి తమరు మింగేసింది అదీ.

పాత బండిలో ఈ గొడవ లేదు. అందులో తమ పూర్వీకుడి మెడకు ఒక ఉక్కు తీగ కట్టి ఉండేది. దాని రెండో కొస నేరుగా ఇంజిన్‌కి డీజిల్ అందించే ఇంజెక్షన్ పంపు మీద. ఇక్కడ కాలు కదిలితే అక్కడ లివరు కదిలేది. మధ్యలో సంప్రదింపులు ఉండేవి కావు. 1988 ప్రాంతంలో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో ఆ తీగ తీసేసి కరెంటుతో కబురు పంపడం మొదలుపెట్టారు. 1997లో కార్వెట్ అనే స్పోర్ట్స్ కారుకీ అదే వచ్చింది. తర్వాత తర్వాత పొలం పనులు చేసుకునే పికప్‌ల దాకా పాకింది. అప్పట్లో నేను పట్టించుకోలేదు. తీగ కన్నా కరెంటు వేగం కదా అనుకున్నాను.

కరెంటు వేగమే, అందులో అబద్ధం లేదు. తమ కడుపులో రెండు సెన్సార్లు ఉంటాయి. చాలా బండ్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానికి రెట్టింపు. ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారా లేదా అని కంప్యూటర్ సరిచూసుకుంటుంది. పొంతన కుదరకపోతే బండిని నత్తనడకలో పెడుతుంది. నా సొంత కాలి మాట నమ్మడానికి ఇద్దరు సాక్షులన్నమాట! పోనీ, ఈ సాక్ష్యాలకు పట్టేది మిల్లీసెకన్లే. అసలు కథ కబురు అందాక మొదలవుతుంది.

నేను నొక్కింది కంప్యూటర్ దృష్టిలో "డీజిల్ పోయి" అన్న మాట కానే కాదు. "అయ్యా, ఇంత టార్క్ ఇప్పించగలరు" అంటూ, చక్రాలను తిప్పే బలం కోసం పెట్టుకున్న విన్నపం. దాన్ని గేర్‌బాక్స్ చూడాలి. ట్రాక్షన్ కంట్రోల్ చూడాలి. పొగ లెక్కలు చూసేవారు చూడాలి. ఒక్కసారిగా వదిలితే గేరు పళ్లకీ షాఫ్ట్‌కీ దెబ్బ, లోపల కూర్చున్నవారికి కుదుపు. కాబట్టి మంజూరైన టార్క్‌ని కూడా వాయిదాల మీద వదలాలి. ముప్పై ఏళ్లుగా స్టీరింగ్ పట్టుకుంటున్నాను, బండి నడుపుతున్నానని అనుకుంటూ. ఈ బండి కొన్నాక తెలిసింది, నేను దరఖాస్తులు పెట్టుకుంటున్నానని.

మంజూరయ్యాక, ఇంజిన్‌లోకి గాలి కూరే టర్బో గారు నిద్ర లేవాలి. "టర్బో లాగ్" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు, టర్బో బాగా లాగుతుంది కాబోలని సంబరపడ్డాను. తీరా చూస్తే అక్కడ లాగ్ అంటే ఆలస్యమట. తెలుగువాణ్ని ఇంతగా మోసం చేసిన ఇంగ్లిషు మాట ఇంకోటి లేదు. టర్బో తిరగాలంటే ఇంజిన్ వదిలే ఎగ్జాస్ట్ కావాలి. ఎగ్జాస్ట్ రావాలంటే డీజిల్ ఎక్కువ మండాలి. డీజిల్ ఎక్కువ మండాలంటే టర్బో గాలి అందించాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఒకసారి ఊపు అందుకుంటే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగల ఘనుడే, కాదనను. ఆ ఊపు అందేలోగా లారీవాడు అద్దం దించేస్తున్నాడు, అదీ ఇబ్బంది.

గేర్‌బాక్స్ గురించి వేరే లేఖ రాస్తాను. పది గేర్లు పెట్టారు. ఓవర్‌టేక్ చేద్దామని నొక్కితే పదిలోంచి ఏడుకి దిగాలా, ఆరుకా, ఐదుకా అని వేళ్లు లెక్కపెట్టుకుంటుంది. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఇంజిన్ ఆపేసుకునే ఆ పొదుపు ఏర్పాటుకి రెండు ముక్కలు: నేను పొద్దున్నే నొక్కి ఆపేసిన బటన్, మళ్లీ తాళం తిప్పేసరికి ఆన్‌లో ఉంటుంది. నా మాట మరిచిపోవడంలో మాత్రం ఈ బండిలో ఎవరూ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యరు.

పోయిన నెల ఇదే గోడు చెప్పుకుందామని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. పదకొండింటికి వెళితే నాలుగింటికి పిలిచారు. స్కానర్ పెట్టారట, ఎర్రర్ కోడ్ ఏదీ లేదట. ఖాళీ బండిని ఖాళీ రోడ్డు మీద, నిదానంగా నొక్కుతూ ఒక చుట్టు తిప్పి, "నార్మలే సార్, ఈ మోడల్ క్యారెక్టరే అంత" అన్నాడు కుర్రాడు. బద్ధకానికి క్యారెక్టర్ అని పేరు పెట్టొచ్చని మా నాన్నకి తెలిసి ఉంటే నేను చిన్నప్పుడు అన్ని దెబ్బలు తినేవాణ్ని కాదు. స్పోర్ట్ మోడ్ వాడి చూడమన్నాడు. వాడాను. పైపైన నొక్కుడుకి కాస్త తొందరపడుతుంది, గేరు పట్టుకుని ఎక్కువసేపు అరుస్తుంది. టర్బో మాత్రం అదే టర్బో. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే స్పోర్టూ లేదు, గీర్టూ లేదు.

తర్వాత ఎవరో చెబితే ఒక చిన్న డబ్బా కొన్నాను, తమకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టేది. నేను 20 శాతం నొక్కితే అది వెళ్లి 40 నొక్కాడని చెబుతుంది. దళారీ అన్నమాట. నేలకంటా తొక్కినప్పుడు దాని పప్పులు ఉడకవు, నూరుకి మించి చెప్పడానికి ఏమీ ఉండదు కాబట్టి. ఇంజిన్‌కి అది ఒక్క గుర్రం బలం కూడా కలపదు. మొదటిరోజు హుషారుగానే అనిపించింది. రెండోరోజు రివర్స్ చేస్తూ వేలితో తాకినంత తాకితే బండి వెనక్కి దూకింది. గోడకీ బంపర్‌కీ మధ్య జానెడు మిగిలింది. ఆ సాయంత్రమే డబ్బా పీకేశాను.

అన్నీ విన్నాక కూడా నిమ్మకు నీరెత్తినట్టు అలా వేలాడుతున్నావు చూడు, అందుకే ఇక తమరూ గిమరూ లేదు. ఏమయ్యా, నీకు అక్కడ ఉన్న పని ఏమిటి? నొక్కితే చెప్పడం. అంతేనా? వద్దనుకుంటే వద్దని చెప్పు, బ్రేకు మీద కాలేసి నా సందు కోసం నేను ఇంకో పది నిమిషాలు ఆగుతాను. అవునని ముక్కు ముందుకు తోసి, సగం రోడ్డులో నన్ను వదిలేసి ఆలోచించుకోవడమేమిటి? పక్కన మనిషి ఉన్నాడు. ఎదురుగా లోడు మీద ఉన్న లారీ. అతని బ్రేకులు కూడా నీలాగే క్యారెక్టర్ చూపించి ఉంటే? రాత్రి పడుకున్నాక కూడా నా కుడికాలు మంచం అంచుని నొక్కుతూనే ఉంది.

సరే. కోపంలో ఉన్నా అబద్ధం ఆడను. పాత బండి నొక్కగానే లాగేది, లాగుతూ బారెడు నల్లపొగ కూడా కక్కేది. గాలి అందకముందే డీజిల్ కుమ్మరిస్తే అంతే మరి. నువ్వు గాలి వచ్చేదాకా డీజిల్ ఆపి ఉంచుతావు, వెనక బైకు మీద వచ్చేవాడి మొహం తెల్లగానే ఉంటుంది. ఆ పాత తీగ ఒకసారి తొక్కినచోటే ఇరుక్కుపోయి ఇంజిన్ గుక్కపట్టి ఏడుస్తుంటే, తాళం తీసేసి బండిని పక్కకు లాక్కెళ్లిన రోజు కూడా ఉంది. ఇక నిన్న, ఆ పసుపు లైటు వెలగకపోయి ఉంటే వెనక భాగం తిరిగిపోయి లారీకి అడ్డంగా పక్క తలుపు ఇచ్చేవాణ్ని. ఆ తలుపు వైపే మా బావమరిది కూర్చున్నాడు. తిట్టాలనే కూర్చున్నాను, ఇక్కడ మాత్రం కలం తడబడుతోంది.

అయినా ఆ సెకను నాకు బాకీయే.

రేపు పొద్దున ఎనిమిదింటికి మళ్లీ అదే మలుపు దగ్గరికి వస్తాను. తొట్టిలో బరువు ఉంటుంది, పక్కన బావమరిది ఉండడు, బస్సులో వస్తానన్నాడు. ఎడమవైపూ కుడివైపూ చూసుకుని, సందు దొరకగానే నిన్ను నొక్కుతాను. ఆ దరఖాస్తు ఇప్పుడే, ఈ ఉత్తరంతోనే పెట్టేస్తున్నాను. అప్పటికైనా మంజూరు చేయించి పెట్టు.

ఇట్లు,
కుడికాలి ఆసామి