సూర్యుడికి జామీను

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మొదట అన్న పెద్దాయన తప్పకుండా మన కృష్ణా గుంటూరు జిల్లాల వాడే అయ్యుంటాడు. రెంటచింతలలో ఎండ ఎంత కాసిందో పేపర్లో చూసుకుని, 'అమ్మయ్య, బెజవాడ కాస్త నయం' అని తృప్తిపడే జనం మనం. అయితే ఇంత ఎండ వెనక ఎంత పెద్ద పరిపాలనా లోపం ఉందో ఎప్పుడూ ఆలోచించలేదు. భవానీపురం నుంచి పటమట దాకా, వారధి దాటితే మంగళగిరి మీదుగా గుంటూరు దాకా, దరఖాస్తు లేకుండా, ఫీజు లేకుండా, ఒక్క సంతకమైనా లేకుండా ఎండ రోజూ పడిపోతూనే ఉంది. డాబా మీద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకున్నన్నాళ్లు పోనీలే అని ఊరుకున్నారు. అందులోంచి కరెంటు తీసి, మనకు కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌కే ఎదురు పంపుతామంటే మాత్రం ఎవరూరుకుంటారు?

సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. పిలిచి అఫిడవిట్ రాయించుకోవడం కుదరదు. పైగా ఆయన రథసారథికి తొడలే లేవని పురాణం చెబుతోంది కాబట్టి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గరే బండి ఆగిపోతుంది. అందుకని చేతికి అందేవాణ్ణి పట్టుకున్నారు. నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను, ఇద్దరు హెల్పర్లు తప్ప వేరే ఆస్తి లేని చిన్న సోలార్ ఇన్‌స్టాలర్ దొరికాడు.

ఇక్కడ ప్రభుత్వాన్ని ఒక మాట అనక తప్పదు. పైవాళ్లు మరీ చేతికి ఎముక లేకుండా ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం పెట్టి, కోటి ఇళ్ల మీద సోలార్ అన్నారు. 75,021 కోట్లు కేటాయించారు. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, వెరసి 78 వేల సబ్సిడీ. అది చాలదన్నట్టు అదే నెలలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలనే అక్కర్లేదు, దరఖాస్తు పెడితే ఒప్పుకున్నట్టే లెక్క అనేశారు. పనయ్యాక మీటరు పెట్టి ఆన్ చెయ్యడానికి డిస్కమ్‌లకు 30 రోజుల గడువుండేది. దాన్ని 15కి కోసేశారు. ఇలా తలుపులన్నీ బార్లా తెరిస్తే దేశంలో క్రమశిక్షణ ఏం కావాలి?

కంగారు పడకండి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేశాడు. బయట చెప్పుల స్టాండు వాడు మాత్రం టోకెన్ చూపించమంటున్నాడు.

మన కుర్రాడి సంగతే తీసుకుందాం. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు. కొన్నాళ్లు వన్‌టౌన్‌లో ఇన్వర్టర్లు రిపేరు చేశాడు, కొన్నాళ్లు మోటార్లు చుట్టాడు. సోలార్‌కు మంచి రోజులొచ్చాయని విని సొంతంగా పెట్టుకుందామనుకున్నాడు. కేంద్రం 2015 నుంచి సూర్యమిత్ర అనే శిక్షణ నడుపుతోంది, అదీ పూర్తిచేశాడు. సూర్యుడికి మిత్రుడైతే అయ్యాడు గానీ, బ్యాంకుకు ఇంకా కాలేదు. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది నిమిషాల్లో వచ్చింది. ఉచితంగా వచ్చిన కాగితానికి ఎక్కడా విలువుండదని అప్పుడే తెలిసింది. తర్వాత జీఎస్టీ, తర్వాత ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు, తర్వాత డిస్కమ్‌లో వెండర్‌గా నమోదు. ఇదంతా టీ, జిరాక్సు ఖర్చులతో నెట్టుకొచ్చాడు. చివర్లో పెద్ద ద్వారం దగ్గర ఆగాడు. రెండున్నర లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ, ఐదేళ్ల పాటు.

ఈ గ్యారంటీ ఎందుకంటే, బిగించిన ప్రతి ప్లాంటుకూ ఐదేళ్లు మరమ్మతులు చేస్తానని వెండర్ మాటివ్వాలి. మాట తప్పితే డబ్బు పట్టుకుంటారు. న్యాయమే. ఆ న్యాయం బ్యాంకు కౌంటర్ దగ్గర ఎలా ఉంటుందంటే ఇలా ఉంటుంది.

"బాబూ, నువ్వు రెండున్నర లక్షలు ఎఫ్‌డీ చెయ్యి. దాని మీద నేను రెండున్నర లక్షలకు గ్యారంటీ ఇస్తాను. కమిషన్ వేరే."

"సార్, నా దగ్గర అంత డబ్బుంటే మీ గ్యారంటీ నాకెందుకండీ?"

"అలా అడుగుతున్నావంటే నీ దగ్గర లేదన్నమాట. లేనివాడికి గ్యారంటీ ఎలా ఇస్తాం చెప్పు?"

ఈ తర్కంలో ఎక్కడా పగులు లేదు. రోహిణీ కార్తెకు కూడా పగలదు.

ఇప్పుడు చిన్న లెక్క. మన కుర్రాడు ఐదేళ్లలో యాభై డాబాల మీద పని చేశాడనుకుందాం. ఒక్కో డాబా నెత్తిన 5,000 రూపాయల జామీను పడింది. అదే డిస్కమ్‌లో అంతే గ్యారంటీ కట్టి, ఐదేళ్లలో ఐదు వేల డాబాలు పూర్తిచేసే కంపెనీ ఉందనుకుందాం. దాని డాబాకు పడేది యాభై రూపాయలు. చిన్నవాడి డాబా మీద వంద రెట్లు ఎక్కువ ప్రమాదం ఉంటుందని ఏ శాస్త్రవేత్త కనిపెట్టాడో తెలియదు గానీ, కాగితం మాత్రం అలాగే లెక్కేస్తుంది. కాగితానికి పెద్దా చిన్నా తేడా లేదు, అందరినీ సమానంగా చూస్తుంది. ఆ సమానత్వం మొయ్యడానికి అందరి భుజాలూ సమానంగా లేవన్నది వేరే శాఖకు సంబంధించిన విషయం.

పన్ను దగ్గరా ఇలాంటి సూక్ష్మమే. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. కస్టమరు ఆ వార్త కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చి, ఐదే కదయ్యా అంటాడు. బిగించి ఇచ్చే కాంట్రాక్టులో నూటికి డెబ్భై వంతులు సరుకు, ముప్ఫై వంతులు సేవ. సరుకు మీద 5, సేవ మీద 18, కలిపితే 8.9 అని కుర్రాడు క్యాలిక్యులేటర్ తీసి చూపిస్తాడు. చుక్క పెట్టి మరీ చెబుతున్నాడంటే ఏదో మోసం ఉందని కస్టమరు పక్క వీధిలో ఇంకో కొటేషన్ కోసం వెళతాడు.

సరే, గ్యారంటీకి ఎవరో బంధువు అప్పిచ్చాడు, నమోదు అయింది, మొదటి ఆర్డరు సత్యనారాయణపురంలో దొరికింది. ఇక ప్యానెళ్లు మొయ్యడమే తరువాయి అనుకున్నాడు. ముందు కరెంటు బిల్లు చూడాలి కదా.

"అమ్మా, మీటరు ఎవరి పేరు మీద ఉందండీ?"

"మా మావయ్యగారి పేరు మీద నాయనా."

"ఆయన్ని ఒకసారి పిలుస్తారా? ఫోన్‌కు ఓటీపీ వస్తుంది."

"ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది."

బెజవాడ పాత పేటల్లో పోయినవాళ్లంతా కరెంటు బిల్లులు గడువులోగా కడుతూనే ఉంటారు. డిస్కమ్ కూడా ఎన్నడూ ఆక్షేపించలేదు. బిల్లు తీసుకోవడానికి ఆయన బతికి ఉండాల్సిన పని లేదు. సబ్సిడీ ఇవ్వడానికే ఉండాలి. ఇక పేరు మార్పు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితం, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చేది. ఆ మిగతా వారసుల్లో ఒకరు గుంటూరు బ్రాడీపేటలో ఉన్నారు, అన్నదమ్ములకు డాబా వాటా దగ్గరే మాటల్లేవు. కిలోవాట్ల సంగతి మాట్లాడ్డానికి వెళ్లిన కుర్రాడు రెండు కుటుంబాల మధ్య రాయబారం నడపాల్సొచ్చింది. సూర్యమిత్ర సిలబస్‌లో ఈ పాఠం లేదు.

అది తేలిందా, ఇంటిపేరు దగ్గర ఇంకో ముడి. బిల్లు మీద మూడు పొడి అక్షరాలు, తర్వాత అసలు పేరు. ఆధార్‌లో పొడి అక్షరాలు విప్పి రాశారు, ఇంటిపేరు చివరికి పోయింది. పాస్‌బుక్‌లో లక్ష్మి అన్నచోట ఇంగ్లీషులో ఎక్స్ పెట్టారు, ఆధార్‌లో కే, ఎస్, హెచ్ మూడూ పెట్టారు. తెలుగువాళ్ల పేర్లకు సరిపోయే పెట్టె ఏ పోర్టల్లోనూ ఇంతవరకు ఎవరూ తయారు చెయ్యలేదు. సబ్సిడీ వచ్చేది ఇంటావిడ ఖాతాలోకి, రాకపోతే తిట్లు మాత్రం కుర్రాడి ఖాతాలోకి. 78 వేలు పోను మిగతాదే ముందు ఇస్తానని, సబ్సిడీ పడ్డాక ఆ మొత్తం నీకే ఇస్తానని ఒప్పుకున్న ఇళ్లయితే మరీ చోద్యం. అక్కడ ఎక్స్ కీ, కేఎస్‌హెచ్‌కీ మధ్య ఇరుక్కున్నది అతని పెట్టుబడే.

ప్యానెల్ కులగోత్రాల గురించి కూడా చెప్పాలి. భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ ముద్ర ఉండాలి. ఏఎల్‌ఎమ్‌ఎమ్ అనే ఆమోదిత జాబితాలో ఆ మోడల్, దాన్ని తయారుచేసిన కంపెనీ ఉండాలి. ఈ జాబితా ఉత్తర్వు 2019లో వచ్చింది, 2023-24లో ఏడాది పాటు విశ్రాంతి తీసుకుంది, 2024 ఏప్రిల్ 1న మళ్లీ డ్యూటీలో చేరింది. సబ్సిడీ కావాలంటే ప్యానెలే కాదు, లోపలి సెల్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. అలాంటి డీసీఆర్ ప్యానెల్ మామూలుదానికంటే ఖరీదు. నాణ్యత కోసం, దేశీయ పరిశ్రమ కోసం అంటే కాదనేవాళ్లెవరు? ప్యానెల్ ఇక్కడిది, సెల్ ఇక్కడిది, పడే ఎండ మాత్రం శుద్ధ దిగుమతి సరుకు. ఈ లొసుగు ఇంకా ఎవరి దృష్టికీ వెళ్లినట్టు లేదు, నేను కూడా గట్టిగా చెప్పదలచుకోలేదు.

ఇది మన ఒక్కళ్ల ప్రతిభేనని గర్వపడటానికి లేదు. ఎండ ముఖం చూడటానికే మొహం వాచిపోయే బ్రిటన్‌లో ఎంసీఎస్ అనే ధ్రువీకరణ ఉంది. 2010లో అక్కడ ఇంటి సోలార్ కరెంటుకు డబ్బు చెల్లించే పథకం మొదలైనప్పుడు, చిన్న ప్లాంటు ఎంసీఎస్ ఉన్నవాడి చేత బిగిస్తేనే ఆ డబ్బు అన్నారు. ఒక వ్యాను, ఒక కొడుకుతో పని నడిపే ఇన్‌స్టాలర్లు అక్కడా ఫీజులు, ఆడిట్లు అని గొణుగుతూనే వచ్చారు. ఎండ లేనివాళ్లే అంత జాగ్రత్తపడితే, ఉన్నవాళ్లం ఎంత పడాలి?

నిజానికి జాగ్రత్త అక్కర్లేదని ఎవరూ అనరు. పది రోజుల్లో పని నేర్చుకుని, నాసిరకం వైరు లాగి, స్ట్రక్చరును నాలుగు బోల్టులతో సరిపెట్టి మాయమయ్యేవాళ్లు ఉన్నారు. తుపాన్లు వచ్చే కోస్తాలో గంటకు 150 కిలోమీటర్ల గాలికి నిలిచేలా స్ట్రక్చర్ ఉండాలన్న నిబంధన అవసరమైనదే. ఎర్తింగ్ గుంతలు మూడు తియ్యాలి, డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు నుంచి కాపాడే అరెస్టర్‌కు ఒకటి. ఒకటే తవ్వి మూడు వైర్లూ అందులోనే దింపేసేవాళ్లను పట్టుకోవాల్సిందే. చిక్కేమిటంటే, గుంత తవ్వి చూసేవాళ్లు అరుదు. ఫైల్లో ఫోటో చూస్తారు. ఫోటోలో ఊరి అక్షాంశ రేఖాంశాలు ఉండాలి, ఇన్‌స్టాలర్ ఉండాలి, ఇంటాయన ఉండాలి, ప్యానెళ్లు ఉండాలి. భూమి లోపల ఏముందో ఫోటోలో పడదు. కాబట్టి మూడు గుంతలూ నిజంగా తవ్విన కుర్రాడికీ, ఒక గుంత మీద మూడు మూతలు పెట్టినవాడికీ ఫైలు ఒకేలా ఉంటుంది. రెండోవాడి ఫైలు ఇంకొంచెం శుభ్రంగా కూడా ఉంటుంది. తవ్వని టైమంతా ఫైలు మీదే పెట్టాడు కదా.

ఇన్నిటి తర్వాత మన కుర్రాడు ఏం చేశాడంటే, తెలివైనవాళ్లందరూ చేసేదే చేశాడు. ఒక పెద్ద కంపెనీ కింద చేరాడు. వెండర్ కోడ్ వాళ్లది, లాగిన్ వాళ్లది, బిల్లు వాళ్ల పేరు మీద, టీషర్టు మీద బొమ్మ వాళ్లది. డాబా ఎక్కేది, గుంత తవ్వేది, వారసుల మధ్య రాజీ కుదిర్చేది ఇతనే. కిలోవాట్‌కి ఇంత అని చేతిలో పెడతారు. నిన్నటిదాకా నమ్మదగనివాడైన మనిషి, అవే చేతులతో, అదే డ్రిల్లింగ్ మిషనుతో, టీషర్టు మార్చగానే నమ్మదగినవాడైపోయాడు. ఇంతకంటే గొప్ప నాణ్యతా నియంత్రణ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఈ పద్ధతిని దాచుకోకుండా చట్టబద్ధం చెయ్యాలని నా మనవి. బీసెంట్ రోడ్డులో ఒక షాపు తెరిచి, వెండర్ కోడ్‌లు రోజు అద్దెకు ఇస్తే సరిపోతుంది. పెళ్లి షామియానాల వాళ్లకు ఈ వ్యాపారంలో అనుభవం ఉంది.

ఏడాది గడిచాక ఇబ్రహీంపట్నంలో ఒకాయన ఇంట్లో కరెంటు తగ్గింది. అటువైపు థర్మల్ స్టేషన్ బూడిద ప్యానెళ్ల మీద పొరలా పేరుకుంటుంది. బొగ్గు కరెంటు సోలార్ కరెంటుకు అడ్డంపడటం అక్కడ అక్షరాలా జరుగుతుంది. ఆయన కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే, హిందీకి ఒకటి నొక్కమన్నారు, ఇంగ్లీషుకు రెండు నొక్కమన్నారు. ఏదీ నొక్కకుండా పెట్టేసి కుర్రాడికి చేశాడు.

"తమ్ముడూ, ఒకసారి వచ్చి చూసి పోవా?"

"వస్తానన్నా. సాయంత్రం ఎండ దిగాక వస్తా. మీరు పైకెక్కి మధ్యాహ్నం నీళ్లు కొట్టకండి, వేడి మీద గ్లాసు పగులుతుంది."

గ్యారంటీ ఇచ్చిన బ్యాంకు రాలేదు, ఫోటో అడిగిన పోర్టల్ రాలేదు, కోడ్ ఇచ్చిన కంపెనీ రాలేదు. ఇతను బకెట్టు, వైపరు పట్టుకుని బైకు మీద వచ్చి, నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఆ నిచ్చెనకు సర్టిఫికెట్ ఉందా అని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇది చదివిన అధికారి ఎవరైనా అడగాలనుకుంటే, ఐడియా నాది అని మాత్రం చెప్పకండి. మా డాబా మీద పని ఇంకా సగంలో ఉంది.