గారెల మీద విజయం

మా క్రైస్తవ సంఘంలో ఆదివారం సాక్ష్యాలకు, అంటే దేవుడు తమకు చేసిన మేలును చెప్పుకోవడానికి, కేటాయించిన సమయం పది నిమిషాలు. గత వారం ఒక సంఘపెద్ద గారు ముప్ఫై ఐదు నిమిషాలు తీసుకున్నారు. అందులో క్రీస్తు ప్రభువుకు చివరి అర నిమిషం దక్కింది.

వేదిక వెనుక గోడ మీద ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలోని మాట ఉంటుంది: 'ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే.' పెద్ద గారు పొడగరి కావడం చేత ఆయన తల సరిగ్గా 'కాదు' అన్న మాటకు అడ్డంగా వచ్చింది. దిగేదాకా అలాగే ఉంది.

'దేవుని మహాకృపను బట్టి' అని మొదలుపెట్టి, ఆ కృపను అక్కడే కూర్చోబెట్టి, ఆయన తన దినచర్యలోకి దిగారు. తెల్లవారుజామున నాలుగింటికి మోకాళ్లూనిన విధం, కోతలకు ముందున్న జీతం మీదనే దశమభాగం కట్టిన విధం, ఇరవై ఒక్క రోజుల ఉపవాసంలో కొబ్బరినీళ్లు కూడా మానిన విధం వివరించారు. పద్దెనిమిదో రోజున ఎదురింటివారు గారెలు వండారట. నూనె కాగిన చప్పుడు, కిటికీలోంచి వచ్చిన వాసన, ఆయన కిటికీ మూయడం, వాసన తలుపు సందులోంచి రావడం, ఆయన బైబిలుతో ముక్కు మూసుకోవడం — ఈ పోరాటానికే ఏడు నిమిషాలు పట్టింది. సిలువ మీద ఆరు గంటలు వేలాడినవాని ఊసు లేకుండానే గారెలు ఓడిపోయాయి. మేమందరం స్తోత్రం అన్నాము.

లూకా సువార్త 18వ అధ్యాయంలో తన భక్తిని దేవుని ముందే పొగుడుకున్న పరిసయ్యుడు వారానికి రెండు ఉపవాసాలనూ పదోవంతునూ ఒక్క వాక్యంలో ముగించాడు. పాపం, అతనికి మైకు లేదు. 1842లో మిషనరీ హయ్యరు గారు గుంటూరుకు తెచ్చిన లూథరన్ బోధ, మనిషి నీతిమంతుడయ్యేది తన క్రియల వలన కాదనే. ఆ బోధకు మూలపురుషుడైన లూథరు 1546లో చనిపోయే ముందు రాసుకున్న చీటీలో మనం బిచ్చగాళ్లమని ఉంది. మా పెద్ద గారు మాత్రం వాటాదారు.

ఇంతటితో ఆపి ఉంటే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. విశ్వాసంలో లోపముంటే ప్రార్థన ఫలించదని చెబుతూ ఆయన చివరి వరుస వైపు చూశారు. అక్కడ మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్లే తల్లి ఉంది. కొడుకు జ్వరంతో పోయి నలభై రోజులు కాలేదు. ఆమె విశ్వాసాన్ని ఏ తక్కెడలో తూచావయ్యా? ఆవగింజంత చాలన్నవాని మందిరంలో నీ కాటా ఎవడు పెట్టమన్నాడు? బిడ్డను పోగొట్టుకుని కూడా ఆ ప్రభువును వదలక వచ్చి కూర్చున్న మనిషికా నువ్వు పాఠం చెప్పేది?

ఆ రోజు సాక్ష్యానికి ఆమె కూడా పేరిచ్చింది. సమయం చాలలేదని పిలవలేదు. పెద్ద గారి సాక్ష్యం సాయంత్రానికల్లా సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది, గారెల ఘట్టంతో సహా.