రక్తబీజుడి ఒంట్లోంచి నాణేలు రాలాయి!

నిన్న సాయంత్రం మాదాపూర్‌లో ఒక వీడియో గేమ్ ప్రదర్శనకు వెళ్లాను. ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. "పురాణాల లోతుల్లోంచి" అని గోడంత బ్యానర్. తెర మీద రక్తబీజుడు. కోరమీసం, ఎర్రకళ్లు, మామూలే. రాక్షసుడంటే నల్లగానే ఉండాలని వీళ్లకు ఎవరు చెప్పారో! సరే, కత్తితో ఒక్క వేటు వేశాను. రక్తం చుక్క కూడా రాలలేదు. బంగారు నాణేలు రాలాయి, గలగలమంటూ.

అయ్యా, వాడి రక్తం నేల మీద పడిన చోటల్లా అంతటివాడే ఇంకొకడు లేస్తాడు. అందుకే కదా కాళి నోరు తెరిచి, చుక్క నేల తాకకముందే తాగేసింది! గేమ్ నియమం కథలోనే వండి వడ్డించి ఉంది. కొట్టేకొద్దీ పెరిగే శత్రువు. ఆవేశంగా బటన్లు నొక్కేవాడు ఓడిపోవాలి, చెయ్యి ఆపి ఆలోచించినవాడు గెలవాలి. మీరేమో రక్తబీజుణ్ణి హుండీ చేసిపెట్టారు.

అడిగితే ఆ గేమ్ చూపిస్తున్న కుర్రాడు, "సార్, ఇది యూంగ్ చెప్పిన షాడో ఆర్కిటైప్" అన్నాడు. అంటే మనిషి తనలో దాచుకునే చీకటి కోణమట. మనస్తత్వవేత్త యూంగ్ పేరెత్తాక మనం నోరు మూసుకోవాలి మరి! షాడో ఎలా ఉంటుందో జపాన్‌వాళ్లు 2008లోనే పర్సోనా 4 అనే గేములో చూపించారు. మన నీడే ఎదురుగా నిలబడి మనలోని కుళ్లంతా బయటపెడుతుంది. "నువ్వు నేను కాదు" అన్నామా, భూతమై మీద పడుతుంది. ఓడించాక "నువ్వూ నేనే" అని ఒప్పుకుంటేనే శక్తిగా మారి మన వెంట వస్తుంది. 2018లో వచ్చిన సెలెస్ట్‌లోనూ అంతే, ఆ గేములోని పిల్ల తన నీడతో రాజీపడ్డాకే గాల్లో రెండోసారి దూసుకుపోగలదు. ఆ రాజీ ఏమిటో ఆడేవాడి వేళ్లకే తెలుస్తుంది.

పర్సోనా ఆటల్లో శివుడు, విష్ణువు కూడా ఉంటారు. అలిగేవాళ్లు అలగండి, నాకు మాత్రం నాణేల రక్తబీజుడే పెద్ద అపచారం. అన్నట్టు, మన హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే గేము తెచ్చింది. "మన పురాణాల మీద గేములేవీ?" అని వాపోయే దేశభక్తుల్లో ఎంతమంది కొన్నారు? చేతులెత్తండి, చూద్దాం.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. గచ్చిబౌలిలో ఒక స్టూడియోలో పనిచేసే రోజుల్లో విదేశీ గేముల కోసం వైకింగుల గొడ్డళ్లకు పిడులు చెక్కేవాళ్లం. పిడి మీద ముడుల నగిషీ, తోలుపట్టీ మీద చెమట మరక, అన్నీ ఉండాలి. మనకంటూ ఒకటి చేద్దామని జయవిజయుల ఆలోచన పట్టుకెళ్లాను. మొదట వైకుంఠద్వారం దగ్గర అడ్డుపడేది వాళ్లే. తర్వాత హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. మూడు యుగాలు, మూడు రూపాలు, అవే రెండు ప్రాణాలు. ఏడు జన్మలు భక్తులుగా ఉండటం కన్నా మూడు జన్మల వైరమే మేలని కోరుకున్నవాళ్లు. మనం చంపే ప్రతి బాస్, అంటే గేములో ఎదురయ్యే పెద్ద శత్రువు, తన ఇల్లయిన వైకుంఠానికి ఒక అడుగు దగ్గరవుతాడు. ఇంతకన్నా గొప్ప విలన్ ఏ దేశంలో ఉన్నాడో చెప్పండి!

మేనేజరు గారు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా, "తుపాకులు ఉంటాయా?" అని అడిగారు.

ఆ ఏడాది నా పనితీరు నివేదికలో "ఊహాశక్తి ఎక్కువ" అని రాశారు. జీతం కూడా ఊహలోనే పెంచారు.