నోట్స్‌ల దాగున్న హ్యాష్‌ట్యాగుల కట్టకు బహిరంగ లేఖ

హ్యాష్‌ట్యాగుల కట్టా,

ఇక్కడ మేమంత కులాసా. నువ్వు గూడ ఫోన్ నోట్స్‌ల "ట్యాగ్స్ ఫైనల్ 2" అనే పేరు కింద సుఖంగనే ఉన్నవనుకుంటున్నం. భద్రకాళి చెరువు మీద పొద్దుగూకే వీడియోకు నువ్వే. కాజీపేట దర్గా ఉర్సుకు నువ్వే. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి బస్తాలకు నువ్వే. ఒక కాపీ, ఒక పేస్ట్, పని ఖతం. #వైరల్, #ట్రెండింగ్, #ఎక్స్‌ప్లోర్, #లవ్, #ఎఫ్‌వైపీ... ఊరంత సుట్టాలే గాని ఉట్టి కట్ట తావు లేదన్నట్టు, ముప్పైమంది ఉన్నరు, లోపట ఏమున్నదో చెప్పేటోడు ఒక్కడు లేడు.

ఆ ఎఫ్‌వైపీ సంగతే తీస్కో. టిక్‌టాక్‌ల "ఫర్ యూ" పేజీకి అది పొట్టిపేరు. ఆ యాప్‌ను మన దేశంల 2020 జూన్ 29న బంద్ పెట్టిన్రు. యాప్ పోయినా దాని చిరునామా మాత్రం ఇంకా సర్వపిండి వీడియోల కింద ఏలాడుతనే ఉన్నది. ఎవరికి చేరాలెనో ఆ ఉత్తరం!

ఇన్‌స్టాగ్రామ్ నిన్ను చాన ఏండ్లు భరించింది. ముప్పై దాక పెట్టుకోనిచ్చింది. 3 నుంచి 5 చాలు అని 2021లనే తన క్రియేటర్ల ఖాతాల చెప్పింది, ఎవ్వలు ఇనలే. ట్యాగులతోని రీచ్ (చూసేటోళ్ల లెక్క) పెద్దగ పెరగదని ఆ సంస్థ పెద్ద ఆడమ్ మొస్సేరి మల్ల మల్ల చెప్పిండు, అదీ ఇనలే. ఆఖరికి 2025 డిసెంబర్‌ల అయిదు దాటొద్దని కత్తెర పట్టింది. నీ పాతికమంది ఖాళీ చేసి పోయిన్రు. మిగిలిన అయిదుగురు ఎవలు? #వైరల్, #ట్రెండింగ్, #రీల్స్, #ఎక్స్‌ప్లోర్, #ఎఫ్‌వైపీ. ఏరి ఏరి ఉంచుకున్నరు.

నీ అసలు పని నీకు యాదికున్నదా? 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సినా అనే డిజైనర్ ట్విట్టర్‌ల నిన్ను ప్రతిపాదించినప్పుడు, ఒక్క ముచ్చట మాట్లాడేటోళ్లను ఒక్క తాన చేర్చుడే ఉద్దేశం. ఇప్పటికీ అంతే. ఇది దేని గురించో యంత్రానికి చెప్పాలె, ఎతికేటోనికి దొరకాలె. వీడియో పైకి లేచేది వేరే లెక్క మీద: మొదటి రెండు మూడు సెకన్లల మనిషి ఆగిండా, ఆఖరి దాక ఉన్నడా, ఇంకొకలకు పంపిండా. సంబంధం లేనోళ్లను నువ్వు పిలుచుకొస్తే వాళ్లు వేలితోని నెట్టి పోతరు. ఆ నెట్టుడంత వీడియో ఖాతాలనే జమ అయితది, నీకేం పోయింది!

మేడారం జాతర ముచ్చటకు వద్దాం. అక్కడ బెల్లాన్ని బంగారం అంటం. మనిషి బరువంత బెల్లం, అంటే నిలువెత్తు బంగారం, జోకే వీడియో కింద #బంగారం అని పెడితే, అది పోయి నగల దుకాణాల ఆఫర్లు, తులం రేట్ల నడుమ కూసుంటది. నెక్లెస్ చూద్దామని వచ్చినామె బెల్లం బుట్ట కాడ ఎందుకు ఆగుతది? #మేడారంజాతర, #సమ్మక్కసారలమ్మ, #నిలువెత్తుబంగారం అని పెడితే కావాల్సినోళ్లకే పోతది. ఇంకోటి, జాతర రెండేండ్లకోసారి. 2026ల జనవరి 28 నుంచి 31 దాక అయింది. తొవ్వ ఎట్లున్నది, బస్సులు ఎక్కడ ఆగుతయి, జంపన్నవాగుల నీళ్లున్నయా అని జనం ఎతికేది జాతరకు ముందు, జాతర నడిచేటప్పుడు. జాతర అయిపోయి అమ్మలు వనంలకు పోయినంక పెట్టిన "తొవ్వ ఎట్లున్నది" వీడియోను అయిదు కాదు, అయిదు వందల ట్యాగులు పెట్టినా ఎవలు చూడరు.

హన్మకొండది ఇంకో తంటా. 2021ల జిల్లా పేరు హనుమకొండ అయింది, జనం నోట్ల హన్మకొండనే ఉన్నది, ఇంగ్లీషు అక్షరాల్ల హనంకొండ అని రాసేటోళ్లు గూడ ఉన్నరు. యంత్రానికి ఒక్కో స్పెల్లింగు ఒక్కో వేరే పేజీ. మూడూ పెడితే అయిదు సీట్లల మూడు ఊరి పేరుకే పోతయి. అందుకే పోస్ట్ కొట్టేముందు సెర్చ్‌ల మూడూ వేసి చూడాలె. దేంట్ల కొత్త వీడియోలు, ఇదే తీరు వీడియోలు కనబడుతయో అది ఒక్కటి ఉంచాలె. నడుమ ఖాళీ ఇడిస్తె పని చెడుతది: #వరంగల్ కోట అని రాస్తే ట్యాగు వరంగల్ కాడనే తెగి, కోట ఉత్త మాటగ మిగుల్తది. హైఫన్ పెట్టినా తెగుడే. కలిపి రాయాలె, లేకుంటె అండర్‌స్కోర్ పెట్టాలె.

మిర్చి బస్తాలకు నువ్వెందుకు పనికిరావో గూడ చెప్తం. వరంగల్ చపాట మిర్చికి 2025ల జీఐ గుర్తింపు (ఇది ఫలానా తావు సరుకే అని చెప్పే ముద్ర) వచ్చింది, ఆ పేరు పెట్టి ఎతికేటోళ్లు ఉన్నరు. కాబట్టి #చపాటమిర్చి, #ఎనుమాములమార్కెట్, #మిర్చిరేటు, #వరంగల్. నాలుగే. ఆఖరిది శాన పెద్దది, పెండ్లి షూట్లు, బిర్యానీ రివ్యూల కింద వీడియో మునిగిపోతది, అయినా ఏ ఊరో తెలుస్తది గనుక ఉండనియ్యి. అయిదో సీటు ఖాళీగ ఉంటే జుర్మానా ఏం పడదు. రైతు ఎతికేది రేటును. తారీఖు, రకం, క్వింటాల్ ధర క్యాప్షన్ మొదటి లైన్లనే ఉండాలె. అవే మాటలు వీడియో మీద అక్షరాల్ల రావాలె, నోటితోని గూడ అనాలె.

ఇగ యూట్యూబ్ సంగతి. టైటిల్ కాడ కనబడేది మూడు ట్యాగులే, అక్కడ #వైరల్ వచ్చి కూసుంటే ఊరి పేరుకు జాగ ఉండదు. 60 దాటితే అన్నిటినీ పక్కకు పెడుతది. మిర్చి వీడియోకు సినిమా హీరో పేరు తగిలిస్తే, తప్పుదారి పట్టిస్తున్నరని వీడియోనే తీసేయొచ్చు. నీ వల్ల ఎందరు వచ్చిన్రో తెల్వాలంటే యూట్యూబ్ స్టూడియో యాప్‌ల ట్రాఫిక్ సోర్స్ (చూసేటోళ్లు ఎక్కడికెళ్లి వచ్చిన్రో చెప్పే లెక్క) తెరిచి హ్యాష్‌ట్యాగ్ పేజీల లెక్క చూసుకో. చూసినంక మాకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
నిన్ను మోసి మోసి నడుము వంగిన క్యాప్షన్లు

తా.క.: #షార్ట్స్ అనేటోడు నీ దగ్గరనే ఉన్నడట. 2024 అక్టోబర్ 15 తర్వాత యూట్యూబ్‌ల ఎక్కించిన నిలువు వీడియో మూడు నిమిషాల్లోపల ఉంటే అది దానంతటదే షార్ట్ అయితదని, ఆయన రాకపోయినా నడుస్తదని చెప్పు.