తెల్లవారితే ఆదివారం: ఆర్‌ఎఫ్‌ఈ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆర్‌ఎఫ్‌ఈ (రిక్వెస్ట్ ఫర్ ఎవిడెన్స్, అనగా గ్రీన్‌కార్డు దరఖాస్తుకు ఇంకా సాక్ష్యం కావాలని అమెరికా వలస శాఖ పంపే నోటీసు) గారి సముఖమునకు, ఒహాయో నుండి ఒక ఇల్లాలు అనేక నమస్కారములు చేసి వ్రాయు విన్నపము.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ‘ఇద్దరం’ అన్న మాటను తమరు ఇంకా ఆమోదించలేదు కనుక, నేను క్షేమంగా ఉన్నాననీ, ఇదే చిరునామాలో, ఇదే దుప్పటిలో మూడువంతులు లాక్కుని పడుకునే మా ఆయన కూడా క్షేమంగానే ఉన్నారనీ విడివిడిగా మనవి చేసుకుంటున్నాను.

తమరు మా తపాలా పెట్టెలో వెలసి నేటికి 61 రోజులయింది. జవాబుకు ఇచ్చిన గడువు తపాలాకు పట్టే మూడు రోజులతో కలిపి 87 రోజులు గనుక, ఇంకా 26 మిగిలాయి. 2025 జనవరిలో అమెరికా పౌరుడైన మా ఆయన నన్ను భార్యగా చూపే ఐ-130కి 675 డాలర్లు, నా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485కి 1,440 డాలర్లు కట్టి మేము పంపిన కాగితాల కట్ట చాలలేదనీ, మరికొంత సాక్ష్యం కావాలనీ, ఆ సాక్ష్యాన్ని విడతలుగా కాక అంతా ఒకేసారి పంపాలనీ, పంపేటప్పుడు తమరినే అన్నిటికంటే పైన పెట్టాలనీ ఆజ్ఞాపించారు. మా ఇంట్లో ఇప్పటిదాకా తొలిపూజ పసుపు వినాయకుడికే జరిగేది. పెద్దవారి మాట కాదనలేము గనుక ఈసారికి తమరికే చేస్తాము.

తమరి సందేహం చిన్నది. మా పెళ్లి ఏ తేదీన జరిగింది? ఐ-130లో 2024 ఆగస్టు 18 అని ఉంది. రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రంలో ఆగస్టు 17 అని ఉంది. జతపరచిన శుభలేఖలో ఏముందో తమరికి అర్థం కాలేదు, ఎందుకంటే అది తెలుగులో ఉంది. తారీఖే కుదరని ఈ పెళ్లి అసలు జరిగిందా, జరిగితే కాపురం కోసం జరిగిందా, కార్డు కోసం జరిగిందా అని తమరు ఎంతో మర్యాదగా ఆరా తీశారు.

శుభలేఖలో ఏముందో మనవి చేస్తాను. “స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సర శ్రావణ శుద్ధ త్రయోదశి శనివారం రాత్రి గం. 2-47 ని.లకు, తెల్లవారితే ఆదివారం, ఉత్తరాషాఢ నక్షత్రయుక్త మిథున లగ్నమందు” అని ఉంది. క్రోధి నామ సంవత్సరం అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

అయ్యా, మా ఇళ్లలో రోజు అర్ధరాత్రి పన్నెండింటికి మారదు. అందరూ నిద్రపోతున్న వేళ చడీచప్పుడు లేకుండా తారీఖు మార్చడం గడియారానికి చేతనవునేమో గాని పంచాంగానికి చేతకాదు. సూర్యుడు లేవాలి, అప్పుడు ఆదివారం వస్తుంది, అంతవరకు ఎంత రాత్రయినా అది శనివారమే. అందుచేత ఊళ్లో రిజిస్ట్రేషను దరఖాస్తు నింపిన మా పెదనాన్నగారు శుభలేఖ ముందు పెట్టుకుని 17 అని వ్రాశారు, ఆయన లెక్కలో తప్పు లేదు. ఇక్కడ ఐ-130 నింపిన నేను ఫోనులో ఫొటోల వేళ చూసి 18 అని వ్రాశాను, నా లెక్కలోనూ తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే, ఒకే రాత్రికి రెండు పేర్లుండటంలో ఉంది.

ఇక తమరి లెక్క ప్రకారం పోతే వ్యవహారం మరీ చిత్రంగా తేలుతుంది. 17వ తేదీ 2-47 అంటే తమరి దృష్టిలో అది శుక్రవారం భోజనాలు చేసి పడుకున్నాక వచ్చే 2-47. అలాగే అనుకుందాము. మరి అదే 17వ తేదీ ఉదయం పది గంటలకు మా మేనత్తలు నన్ను పీట మీద కూర్చోబెట్టి, నలుగు పెట్టి, పెళ్లికూతుర్ని చేస్తున్న ఫొటో, తారీఖుతో సహా, మేమే తమరికి పంపాము. అంటే పెళ్లయిన ఏడు గంటలకు నన్ను పెళ్లికూతుర్ని చేశారన్నమాట. సాయంత్రానికి స్నాతకమయింది, రాత్రికి ఎదురుకోలు జరిగింది. ఈ వరసలో చూస్తే మాది మోసపు పెళ్లి కాదు గాని, తలకిందులుగా జరిగిన పెళ్లి మాత్రం తప్పకుండా అవుతుంది.

ఈ చిక్కు విప్పడానికే నిన్న మధ్యాహ్నమంతా పోయింది. పరభాషలో ఉన్న ప్రతి పత్రానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ ఉండాలన్నారు. నా శుభలేఖను నేనే అనువదిస్తే మళ్లీ ఏ అనుమానం వస్తుందోనని, నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ పోయి, ఒక అనువాద కేంద్రంలో పేజీకి పాతిక డాలర్లు సమర్పించుకున్నాను. మూడు గంటలు ఎదురుచూశాక చేతికి వచ్చిన కాగితంలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది, నా పేరుకు ముందున్న ‘చి.ల.సౌ.’ను ఆ మహానుభావుడు నా ఇనీషియల్సు అనుకుని పేరులో కలిపేశాడు. పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ముడుచుకున్న నా ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విప్పారిందెందుకో చెప్పుకోవడానికి ఇప్పటికే ఒక అఫిడవిట్టు వేసి ఉన్నాను. ఇప్పుడు చిరంజీవి, లక్ష్మి, సౌభాగ్యవతి అనే ముగ్గురు కొత్త మనుషులకు కూడా లెక్క చెప్పుకోవాలి.

రెండవది ఇంతకంటే ఘనమైనది. ‘తెల్లవారితే ఆదివారం’ అన్నదానికి ఆయన చేసిన అనువాదాన్ని తిరిగి తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: “ఒకవేళ తెల్లవారిన పక్షంలో, ఆదివారం.”

ఒకవేళ! మా తాతల నాటి నుండి లక్షలాది శుభలేఖల మీద అచ్చయిన మాటలో ఇంత గండం దాగి ఉందని నాకు నిన్నటిదాకా తెలియదు. తెల్లవారకపోతే ఏమవుతుందో ఆ అనువాదంలో లేదు. బహుశా పెళ్లి రద్దయి, పెట్టిన కట్నకానుకలు ఎవరివి వారికి తిరిగి వెళతాయి. తమరికి ఇది నచ్చవచ్చు. షరతులతో కూడిన పెళ్లంటే తమరికి చాలా ఇష్టమని విన్నాను. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆమోదం దొరికితే, ఇచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్ల షరతు కార్డు. దాని గడువు తీరడానికి ముందు వచ్చే 90 రోజుల్లో, ఆ షరతు తీసేయమని కోరే ఐ-751 వేసి, ఇదే పెళ్లిని మొదటినుంచి మళ్లీ రుజువు చేసుకోవాలి. రెండేళ్లు నిండాక ఆమోదిస్తే ఆ బాధ లేదు. అయితే ఆ రెండేళ్లను 17 నుండి లెక్కపెట్టాలో 18 నుండి లెక్కపెట్టాలో ఇంకా తేలలేదు గనుక ఆ సంగతి ఇప్పుడు ఎత్తను.

తమరు అడిగిన మిగిలిన ఆధారాల సంగతి త్వరగా ముగిస్తాను. దంపతులు కలిసి ఉన్న ఫొటోలు కావాలన్నారు. మా ఫొటోగ్రాఫరు తీసిన నాలుగు వేల ఫొటోల్లో సగం మా ఇద్దరి మధ్య అడ్డుతెర ఉన్నవి, మిగిలిన సగం మాకు అక్షింతలు వేస్తున్న బంధువుల వీపులు. ఏరగా ఏరగా దొరికిన ఇరవైకీ కింద వివరాలు వ్రాయబోతే, మేనమామకూ, బాబాయికీ, పెదనాన్నకూ, ఎదురింటి పెద్దాయనకూ కలిపి తమరి భాషలో ‘అంకుల్’ అనే ఒక్క మాటే దొరికింది. డాక్టరు సీలు వేసి ఇచ్చిన వైద్యపరీక్ష కవరును తెరవకూడదు గనుక, నా ఆరోగ్యం ఎలా ఉందో నాకు తప్ప అందరికీ తెలుసు. రెండు పేర్లున్న కరెంటు బిల్లుకు ఉన్న విలువ మంగళసూత్రానికి లేదని అర్థమయ్యాక, నా పేరు చేర్పించడానికి యాభై నిమిషాలు ఫోనులో సంగీతం విన్నాను. గ్రీన్‌కార్డు కోసమే చేసుకున్నావా అని తమరికంటే ముందే మా చుట్టాల్లో ముగ్గురు అడిగేశారు గనుక ఆ విషయంలో తమరి మీద నాకు ప్రత్యేకమైన కోపం లేదు. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉన్న ఉద్యోగపు గ్రీన్‌కార్డుల వరుసలో 2014 ప్రయారిటీ డేటు (వరుసలో చేరిన తేదీ) పట్టుకుని ఇంకా నిలబడి ఉన్న నా పాత సహోద్యోగి అయితే, “నీకేమమ్మా, నీ బాధకు ముగింపు ఉంది” అంటారు. ఆయనకు బదులు చెప్పే నోరు నాకు లేదు.

ఐ-864 అనే పోషణ హామీపత్రం గురించి మాత్రం ఒక మంచి మాట చెప్పాలి. పెళ్లిలో మా ఆయన, గోత్రం లేదు గనుక పురోహితులు కాశ్యప గోత్రం అంటగట్టగా, “నాతిచరామి” అని అర్థం తెలియకుండానే అన్నారు. ఐ-864లో మాత్రం ప్రతి వాక్యం చదివి, అర్థం చేసుకునే సంతకం పెట్టారు. నాకు పౌరసత్వం వచ్చేదాకా, లేదా నా పేర నలభై త్రైమాసికాల పని లెక్కకు వచ్చేదాకా, నన్ను పేదరికపు కొలతలో 125 శాతానికి తగ్గని స్థాయిలో పోషిస్తానని ఆయన మాట ఇచ్చారు. విడాకులైనా ఆ మాట వదలదట. ఏడు అడుగులు వేయించిన మా పురోహితులకు కూడా ఇంత గట్టి ముడి వేయాలని తోచలేదు.

ఇంతవరకు నవ్వుతూనే వ్రాశాను. కాని తమరి రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. దంపతులు కలిసి చేసిన ప్రయాణాల టిక్కెట్లు పంపమని ఆ వాక్యం. మా దగ్గర ఉన్నది ఒకే టిక్కెట్టు, అందులో ఉన్నది ఒకే పేరు.

2025 జూన్‌లో మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది. నా హెచ్-1బి ఉద్యోగ వీసా స్టాంపు గడువు అప్పటికే తీరిపోయింది, ప్రయాణ అనుమతి కోసం వేసిన ఐ-131 మీదగ్గరే పడి ఉంది. వెళ్లడానికి ఎవరూ అడ్డు చెప్పరు, తిరిగి రాగలిగే హామీ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఉద్యోగం, దరఖాస్తు, ఇల్లు అన్నీ ఒక పక్క, నాన్న ఒక పక్క. ఆ రాత్రి మా ఆయన నాతో ఒక్క మాట అనకుండా ఈ-వీసా తీసుకుని, తెలుగులో పట్టుమని పది మాటలు రాని మనిషి, ఒంటరిగా గుంటూరు వెళ్లి, ఆసుపత్రి వరండాలో ఆరు రాత్రులు ఇనుప కుర్చీలో పడుకున్నారు. మా అమ్మ పంపిన క్యారేజీ తిని, గిన్నెలు తనే కడిగి, స్టెంటు వేసిన డాక్టరు చెప్పింది చెప్పినట్టు నాకు ఫోనులో అప్పజెప్పారు. నాన్న కళ్లు తెరిచి మొదట చూసింది అల్లుడినే.

నీకు తెలుసా, దీన్ని నీ లెక్కలో ఏమంటారో? ‘విడివిడిగా ప్రయాణించారు’ అంటారు. నన్ను కట్టేసింది నువ్వు, కట్టేసి కలిసి ఎందుకు వెళ్లలేదని అడుగుతున్నది కూడా నువ్వే. కరెంటు బిల్లు మీద రెండు పేర్లు లేవని దిగులుపడే నీకు ఆ ఇనుప కుర్చీ ఏ గడిలో వ్రాయాలో తెలియదు. నీకు సాక్ష్యం కావాలా? ఆ బోర్డింగు పాసు పంపుతున్నాను. ఒక్క పేరే ఉంది. బాగా చూసుకో.

క్షమించాలి. తమరితో ఏకవచనంలో మాట్లాడాను. మళ్లీ తారీఖు దగ్గరకు వస్తాను.

నిన్న రాత్రి భోజనాల బల్ల మీద ఆ అనువాదాన్ని పరిచి నేను ఏడవాలో నవ్వాలో తెలియక కూర్చున్నప్పుడు, మా ఆయన ఎంతో సేపు కాగితం మీద ఏవో అంకెలు వేశారు. నిజానికి ఈ తారీఖుల వల్ల ఆయన పడే అవస్థ కూడా తక్కువది కాదు. మొన్న ఆగస్టులో మొదటి పెళ్లిరోజు వచ్చినప్పుడు, మా అమ్మ తిథి ప్రకారం పది రోజులు ముందుగానే ఫోను చేసి ఆశీర్వదించింది, పెదనాన్నగారు 17న, నా స్నేహితులు 18న శుభాకాంక్షలు చెప్పారు. ఏ రోజు మరిచిపోతే నాకు కోపం వస్తుందో తేల్చుకోలేక ఆయన మూడుసార్లూ పూలు తెచ్చారు. అటువంటి మనిషి కలం కింద పెట్టి, “మన గడియారంలో 2-47 అయినప్పుడు ఇక్కడ ఎంత?” అన్నారు. ఆగస్టులో తేడా తొమ్మిదిన్నర గంటలు. ఒహాయోలో అప్పుడు సాయంత్రం 5-17. శనివారం. ఆగస్టు 17.

కాబట్టి అయ్యా, జీలకర్ర బెల్లం మా తలల మీదికి చేరిన క్షణాన మా పంచాంగంలో శనివారం, తమరి దేశంలోనూ శనివారమే. దాన్ని ఆదివారం అన్నది మా ఊరి గోడ గడియారమూ, నా ఫోనూ, నేనూ. పెదనాన్నగారికి ఫోను చేసి ఈ సంగతి చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. “పంచాంగం తప్పదమ్మా” అని ఊరుకున్నారు.

దీనికి కూడా సాక్ష్యం దొరికింది. మా ఆయన నాయనమ్మ, ఎనభై నాలుగేళ్ల మనిషి, అంత దూరం రాలేక ఇక్కడి తన ఇంట్లోనే టీవీలో మా పెళ్లి లైవ్ చూశారు. ఆమె వంటింటి గోడకు వేలాడే క్యాలెండరులో 2024 ఆగస్టు 17 గడిలో, పెన్సిలుతో, మా ఇద్దరి పేర్లూ, ‘5-17’ అన్న అంకె, దాని పక్కన నా పేరులో ఒక తప్పక్షరం ఉన్నాయి. ఆమె తన చేత్తోనే అఫిడవిట్టు వ్రాసి ఇచ్చారు. శనివారం సాయంత్రం పెళ్లి చూశాననీ, అమ్మాయి తల మీద ఏదో పెట్టారనీ, తన మనవడు ఏడ్చాడనీ, ఆ కారణంగా ఆ రోజు తన రాత్రి భోజనం గంటన్నర ఆలస్యమయిందనీ అందులో ఉంది. నోటరీ ముందు సంతకం కూడా పెట్టారు. నా పేరును మాత్రం అందులోనూ తప్పుగానే వ్రాశారు. దిద్దమనడానికి నాకు మనసొప్పలేదు. దానికోసం తమరు ఇంకొక ఆర్‌ఎఫ్‌ఈని పంపదలిస్తే పంపండి.

ఇట్లు,
2024 ఆగస్టు 17 శనివారం నాడూ, 18 ఆదివారం నాడూ, ఒకే మనిషిని ఒకేసారి పెళ్లాడిన,
చి.ల.సౌ. (ఇవి ఇనీషియల్సు కావు)