వాన్ గోకి రంగులు తెలియక కాదు

"వాన్ గో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత మాస్టర్లను పట్టించుకోలేదు. రంగులు తెలియక మొదట్లో మురికిగా వేశాడు, పారిస్‌లోనే కళ్లు తెరుచుకున్నాయి" అని డచ్ చిత్రకారుడు వాన్ గో గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది.

ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. 1881 చివర్లో హేగ్‌లో ఆయనకు నూనె రంగులు పట్టడం నేర్పింది బంధువే, చిత్రకారుడు ఆంటన్ మోవ్. అంతకుముందు పదహారో ఏట నుంచి దాదాపు ఏడేళ్లు బొమ్మలు అమ్మే గూపిల్ సంస్థలో ఉద్యోగం. పొద్దస్తమానం బొమ్మల మధ్యే.

ఇక ఆ మురికి సంగతి. 1885లో నూనెన్ అనే పల్లెలో వేసిన 'బంగాళాదుంపలు తినేవాళ్లు' చూడండి. ఒక్క దీపం కింద ఐదుగురు, కణుపులు తేలిన వేళ్లు, ఆవిరి లేస్తున్న దుంపల పళ్లెం. ముఖాలు మొదట లేత రంగుల్లోనే వేశాడు. నచ్చక, మట్టి అంటుకున్న, తొక్క తీయని దుంప రంగులో మళ్లీ వేశానని తమ్ముడు తియోకు రాశాడు. రంగులు తెలియనివాడు చేసే పనేనా ఇది? అందులోని బూడిద రంగులు కూడా ఎరుపు, నీలం, పసుపు కలిపి తెచ్చినవే. ఆ కిటుకు ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రా గురించి చదివి పట్టుకున్నాడు. గీతలో లోపాలున్నాయంటే ఒప్పుకుంటాను. మిత్రుడు వాన్ రాపార్డ్ అప్పుడే ఉత్తరంలో కడిగిపారేశాడు కూడా.

పాత మాస్టర్లను పట్టించుకోలేదంటే మాత్రం నవ్వొచ్చింది. ఆ అక్టోబరులోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్తగా తెరిచిన రైక్స్‌మ్యూజియంకు వెళ్లాడు. పదిహేడో శతాబ్దపు డచ్ మాస్టర్ రెంబ్రాంట్ వేసిన 'యూదు వధువు' ముందు కూర్చుంటే లేవడే! ఎండు రొట్టెముక్క ఇచ్చి పక్షం రోజులు ఇక్కడే కూర్చోనిస్తే పదేళ్ల ఆయుష్షు ఇచ్చేస్తానన్నాడని వెంట ఉన్న మిత్రుడు తర్వాత చెప్పాడు. అదే కాలపు మరో డచ్ మాస్టర్ ఫ్రాన్స్ హాల్స్ బొమ్మల్లో ఇరవై ఏడు రకాల నలుపులున్నాయని రాసిందీ ఈయనే. ఇంటికొచ్చి, ఆ ఏడాదే పోయిన తండ్రి బైబిల్‌ని ఒక్క రోజులో వేసేశాడు. పక్కన నిమ్మపసుపు అట్టతో ఫ్రెంచి రచయిత జోలా నవల. నల్లటి వెనకతెర మీద ఆ చిన్న పసుపు ముక్క ఎలా వెలుగుతుందో! పారిస్‌కు వెళ్లడానికి అప్పటికి ఇంకా నాలుగు నెలలుంది.

పారిస్ ఆయన్ని మార్చలేదని నేననను, చాలా మార్చింది. అయినా 1890లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, సెయింట్ రెమీ ఆసుపత్రిలో చనిపోయిన లాజరస్‌ను క్రీస్తు బతికించే బైబిల్ కథ మీద రెంబ్రాంట్ చేసిన అచ్చుబొమ్మను ఎదురుగా పెట్టుకున్నాడు. క్రీస్తును తీసేసి, వెనక సూర్యుణ్ణి నిలబెట్టి, మొత్తం తన పసుపులో మళ్లీ వేశాడు.